గొట్టం దారిన మా బావ

మా బావ ఎక్కడికి బయల్దేరినా నీళ్ళ గొట్టం పోయే దారినే పోతాడు. గొట్టం భూమిలో ఉంటుంది, బావ దాని నెత్తిన ఉంటాడు. రోడ్డు తిన్నగా ఉండి గొట్టం వంకరగా ఉంటే బావ వంకరగా పోతాడు. గొట్టం గొడ్లచావిడి కిందుగా పోతే బావ గొడ్లచావిడిలోంచి పోతాడు. మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది. కొందరికి పేకాట, కొందరికి కోర్టులు. మా బావకి మాత్రం కాలి కింద గొట్టం లేకపోతే అడుగు పడదు.

మా జిల్లా నీళ్ళూ మురుగూ ఆఫీసులో ఆయన ముప్పైమూడేళ్ళుగా ఫిట్టరు. ఒక చిన్న టౌను, నలభై పల్లెలు, పొలాల మధ్య విసిరేసినట్టుండే ఇళ్ళు, వీటన్నిటికీ గుట్ట మీదున్న ఒకే ఒక్క ట్యాంకు. ఆ ట్యాంకు నుంచి బయల్దేరిన ప్రతి గొట్టమూ ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఎక్కడ రాయి అడ్డొచ్చి లోతుకి దిగుతుందో బావకి తెలుసు. ఊళ్ళన్నీ ఆయన్ని ఫిట్టరుగారంటాయి. నాకు మాత్రం అక్క మొగుడు. అదే ఆఫీసులో ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చునేది నేనే. అంటే ఆయన మీద జనం చేసే ఫిర్యాదులు పగలు రాసుకోవాలి, అక్క చేసే ఫిర్యాదులు సాయంత్రం వినాలి.

మా ఫిర్యాదుల పుస్తకంలో ఆఫీసువాళ్ళు అచ్చు వేయించిన గడులు మూడు. నీళ్ళు రావడం లేదు, నీళ్ళు మట్టిగా వస్తున్నాయి, మురుగు పొంగింది. నాలుగో గడి నేనే స్కేలు పెట్టి గీసుకున్నాను. దాని పేరు "ఫిట్టరుగారు".

"మీ ఫిట్టరు మా పెరట్లోంచి నడుచుకుంటూ పోయాడండీ. మా ఆవిడ బట్టలు ఆరేసుకుంటోంది," అన్నాడొకాయన.

"ఏమైనా అన్నాడా?"

"'తీగ కాస్త ఎత్తుగా కట్టండమ్మా, లైనుకి అడ్డమొస్తోంది' అన్నాడు."

"కట్టారా?"

"కట్టాం."

"మరింకేం?"

"మళ్ళీ ఇవాళ వచ్చాడండీ! 'ఇప్పుడు బాగుంది' అని మెచ్చుకుని పోయాడు!"

మంగలి షాపు సరిగ్గా పెద్ద లైను మీద ఉంది. పొద్దున్న ఎనిమిదికి పావుగంట ముందు మంగలి ఎవరి గొంతు మీద కత్తి పెట్టినా తీసేసి పక్కకి జరుగుతాడు. బావ కుర్చీకీ అద్దానికీ మధ్యనుంచి "కానివ్వండి, కానివ్వండి" అంటూ వెళ్ళిపోతాడు. అలవాటున్నవాళ్ళు కళ్ళు కూడా తెరవరు. ఒకసారి ఎవరో పొరుగూరాయన కళ్ళు తెరిచాడు. మొహం నిండా నురగతో ఉన్న మనిషికి అద్దంలో తన మొహం ఉండాల్సిన చోట, చేత్తో రబ్బరు బూట్లు పట్టుకుని వెళ్తున్న ఇంకో మనిషి కనపడ్డాడు. ఆయన సగం గడ్డంతోనే బస్సెక్కాడని చెప్పుకుంటారు.

ఆ బూట్ల సంగతి చెప్పకపోతే బావ సంగతి సగమే చెప్పినట్టు. మా ఆఫీసుకి రెండు రకాల లైన్లు. మంచినీళ్ళ లైను మీద బావ ఉత్తికాళ్ళతో నడుస్తాడు. మురుగు లైను మీద మోకాలిదాకా వచ్చే రబ్బరు బూట్లతో నడుస్తాడు.

"ఎందుకు బావా ఈ తొడుక్కోడాలూ విప్పుకోడాలూ?" అని అడిగాను ఓ రోజు.

"నీళ్ళ గొట్టం కారిందనుకో, పైనున్న మట్టి చల్లబడుతుందిరా. అది అరికాలికి తెలిసినట్టు ఏ మిషనుకీ తెలీదు."

"మరి మురుగు లైనుకి అరికాలు అక్కర్లేదా?"

"దానికి ముక్కు చాలు."

ఒక లైను తొక్కిన కాలు రెండో లైను తొక్కకూడదు. అదాయన నియమం. మామూలు మనిషి ఆయన ఇంటినుంచి మా ఇంటికి పావుగంటలో వస్తాడు. బావ దారిలో లైను పదకొండుసార్లు మారుతుంది. పదకొండుసార్లు ఎవరి అరుగు మీదో కూలబడి బూట్లు తొడుక్కోవాలి, విప్పుకోవాలి. మా అబ్బాయి పుట్టినప్పుడు కబురందిన నిమిషంలోనే బయల్దేరాడు పాపం. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి పిల్లాడు బోర్లా పడ్డాడని మా ఆవిడ ఈరోజుకీ చెబుతుంది.

అక్కని అడిగితే ఇంకా బాగా చెబుతుంది. "మావాళ్ళు కుటుంబం చూశారు, ఉద్యోగం చూశారు, గుణం చూశారు. పదడుగులు నడిపించి చూద్దామని ఒక్కరికైనా తోచిందా?" అని నావైపు ఉరిమి చూస్తుంది. ఆ పెళ్ళిచూపులనాటికి నాకు పదకొండేళ్ళు. ఆ సంగతి గుర్తు చేస్తే, "పదకొండేళ్ళవాడికి కళ్ళుండవా?" అంటుంది.

అయితే ఒకటి. మీటరు దాటి ఇంట్లో కాలు పెట్టాడంటే బావ అందరిలాంటి మనిషే. వంటింట్లోకి తిన్నగా వెళ్తాడు, పెరట్లోకి తిన్నగా వస్తాడు. "మీటరు దాటాక ఆఫీసుకి సంబంధం లేదు. అది ఇంటివాళ్ళ బాధ్యత," అంటాడు. అందుకే అక్క ఆయన్ని ఇల్లు కదలనివ్వకుండా ఉండడానికి నానా తంటాలూ పడేది. ఉప్పు నిండుకున్నా సరే ఆయన్ని పంపేది కాదు. ఆ పూట వంట ఆ పూటే అవ్వాలి కదా.

నవ్వుకోడం మా వంతు గానీ, ఆయన కాలు ఎప్పుడూ తప్పు చెప్పలేదు. ఒకసారి బడిలో మూడో తరగతి గదిలోకి పాఠం మధ్యలో వెళ్ళి, నల్లబల్ల ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, "ఇక్కడ కారుతోంది," అన్నాడు. పైన పొడి నేల, చుక్క తడి లేదు. మాస్టారు నవ్వారు. తవ్వితే నడుంలోతు బురద. పిల్లలకి మూడు రోజులు సెలవు దొరికింది. ఆ తర్వాత ఏడాదిపాటు బావ బడిలోంచి వెళ్తుంటే పిల్లలంతా ఆయన కాళ్ళవైపు ఆశగా చూసేవారు.

ఇలా ఉండగా మా ఆఫీసు కొంప మునిగింది. ఉట్టి మాటకి అనడం లేదు, నిజంగానే మునిగింది. గొట్టాల పటాలు దాచే గది పైన మా సొంత కుళాయి గొట్టం పగిలింది. వరసగా రెండు రోజులు సెలవులు. మూడోరోజు తలుపు తీస్తే యాభై ఏళ్ళ పటాలు అంబలి అయిపోయి ఉన్నాయి. జిల్లాకంతటికీ నీళ్ళిచ్చే ఆఫీసు తన నీళ్ళలో తనే మునిగిందని ఊరంతా పడీపడీ నవ్వారు. మేం మాత్రం పెద్దగా దిగులు పడలేదు. ఫిట్టరుగారున్నారుగా అనుకున్నాం.

సరిగ్గా అప్పుడే కొత్త ఇంజనీరమ్మ వచ్చింది. చిన్న వయసు, గట్టి మనిషి, మాట్లాడేటప్పుడు పెన్సిలు చెవిమీద పెట్టుకుంటుంది. ఆవిడ మీద పడ్డ పని మాటలు కాదు. ట్యాంకు నుంచి చిట్టచివరి పల్లెదాకా పాత పెద్ద లైను పక్కనే కొత్త లైను వెయ్యాలి. ఆ చివరి పల్లెకి మూడు రోజులకోసారి గంటసేపు నీళ్ళు వస్తే గొప్ప. వేసవిలోపు కొత్త లైను రాకపోతే ఆ గంట కూడా ఉండదు. పాత లైను ఎక్కడుందో తెలిస్తేగాని కొత్తది వెయ్యలేరు. పటాలు చూస్తే అంబలి. భూమిలో గొట్టాల్ని కనిపెట్టే మిషను కావాలని పైవాళ్ళకి రాస్తే నాలుగు నెలలు ఆగమన్నారు.

ఇంజనీరమ్మ రెండు రోజులు కిటికీలోంచి మా బావ రావడం, పోవడం చూసింది. మూడోరోజు నన్ను పిలిచింది.

"ఆయన ఎందుకలా నడుస్తున్నారు?"

చెప్పాను. కాస్త సిగ్గుపడుతూనే చెప్పాను, ఎంతైనా బావ.

ఆవిడ నవ్వలేదు. చెవిమీద పెన్సిలు తీసి, "మిషను అక్కర్లేదు. మా ఫిట్టరుగారి కాళ్ళు చాలు," అని పైవాళ్ళకి రాసి కింద సంతకం పెట్టింది. అంటే ఇక బావ నడిచిన దారినే పటం గీస్తారన్నమాట. ఆ పటం తప్పైతే తవ్వకం ఆగుతుంది, చివరి పల్లె ఎండుతుంది, ఆవిడ మాట పోతుంది. ఇంకో రెండు నెలల్లో రిటైరు కాబోయే మా బావ ముప్పైమూడేళ్ళు నిలబెట్టుకున్న పేరు ఒక్క పూటలో మట్టిలో కలుస్తుంది.

మర్నాడు ఊరేగింపు మొదలైంది. ముందు బావ, చేతిలో బూట్లు. వెనక ఇంజనీరమ్మ, చేతిలో కాగితాలు. ఆ వెనక సున్నం బకెట్టుతో ఓ కూలీ, బావ అడుగులో అడుగు వేస్తూ తెల్లగీత పోస్తూ వస్తున్నాడు. ఫిర్యాదులు అక్కడికక్కడే రాసుకోవచ్చని పుస్తకంతో నన్నూ తీసుకెళ్ళారు. మంగలి పక్కకి జరిగాడు. కుర్చీకీ అద్దానికీ మధ్య తెల్లగీత పడింది. బట్టలారేసే ఆవిడ మమ్మల్ని దూరంనుంచే చూసి తీగ ఎత్తి పట్టుకుంది. గొడ్లచావిడిలో ఒక గేదె మాత్రం లేవనంది. దాని చుట్టూ గీత పోసి, "ఇది గేదె వంపు, గొట్టం వంపు కాదు," అని కాగితం మీద రాసుకున్నారు.

రెండో పల్లెలో ముందు వీధి, వెనక వీధి అని రెండు వీధులున్నాయి. బావ ముందు వీధిలోకి తిరిగాడు. ఓ ఇంటి గేటు దగ్గర ఒక ముసలాయన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా ఆఫీసు పాత మేస్త్రి. ఈ పెద్ద లైను వేసిందీ ఆయనే, మా బావకి పని నేర్పిందీ ఆయనే. కళ్ళు పోయి చాలా ఏళ్ళయింది.

"ఎవర్రా ఇవాళ ఇంతమంది?" అన్నాడు మేస్త్రి అడుగుల చప్పుడు విని.

"ఆఫీసువాళ్ళు మేస్త్రీ. కొత్త ఇంజనీరమ్మగారు వచ్చారు."

"ఎలా ఉందిరా నా లైను?"

"చుక్క కారడం లేదు మేస్త్రీ."

"కారుతుందా మరి! నా చేత్తో జనపనార కుక్కి, సీసం కరిగించి పోసిన జాయింట్లమ్మా అవి. ఇప్పుడేవో రబ్బరు రింగులంట. రబ్బరు దేనికి, చెప్పులు కుట్టుకోడానికా?"

ఇంజనీరమ్మ నవ్వి ఆయన చెయ్యి పట్టుకుని పలకరించింది. బావ ఎందుకో ఆకాశంవైపు చూస్తున్నాడు. కూలీ గేటు ముందునుంచి సున్నం పోసుకుంటూ వెళ్ళాడు.

ఆ రోజునుంచి బావ వాలకం మారింది. మర్నాడు ఇంజనీరమ్మ బల్ల ముందుకి వెళ్ళి నిలబడ్డాడు.

"చెప్పండి ఫిట్టరుగారూ."

బావ నీళ్ళు నమిలాడు. "ఏం లేదమ్మా. టీ తాగారా?"

ఇంకా లేదని ఆవిడంటే తనే వెళ్ళి తెచ్చిచ్చాడు. రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే. నాలుగోరోజు ఆయన తలుపు దగ్గర కనపడగానే, "తాగానండీ," అందావిడ. అయినా తెచ్చాడు.

"ఏంటి బావా సంగతి? రిటైరయ్యాక టీ కొట్టు పెడతావా?" అన్నాను.

"తవ్వకం ఎప్పుడురా?"

"సోమవారం."

"ఎక్కడ మొదలెడతారు?"

"ట్యాంకు దగ్గర."

"అయితే రెండో పల్లెకి రావడానికి పదిరోజులు పడుతుందిలే," అని గట్టిగా ఊపిరి వదిలి వెళ్ళిపోయాడు. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

సోమవారం పొద్దున్నే కాంట్రాక్టరు మనిషి ఫోన్ చేశాడు. వాళ్ళ తవ్వే మిషను రెండో పల్లె దగ్గర వేరే పనిలో ఉందట. దాన్ని గుట్టదాకా లాక్కెళ్ళడం ఎందుకని ముందు వీధిలోనే మొదలుపెట్టారట. నేను ఫోన్ పెట్టేసి బయటికి వచ్చాను. బావ ఆఫీసు మెట్ల మీద కూర్చుని బూట్లు మార్చుకుంటున్నాడు. ఒకటి విప్పాడు, ఒకటి కాలికే ఉంది.

"బావా, తవ్వకం మొదలైంది. మేస్త్రిగారి గేటు దగ్గరే."

"ఎక్కడా?"

"మేస్త్రిగారి గేటు ముందు."

బావ లేచాడు. లేచి పరిగెత్తాడు. ఎటనుకున్నారు? తిన్నగా! రోడ్డుకడ్డంగా, ఆటస్థలంలోంచి, కంచె దూకి, దున్నిన పొలంలోంచి. ఆ దారిలో మంచినీళ్ళ గొట్టమూ లేదు, మురుగు గొట్టమూ లేదు. ఒక కాలికి బూటుంది, ఒక కాలికి లేదు. నోరు వెళ్ళబెట్టి చూస్తూ నిలబడిపోయాను.

లోపల ఫోన్ మోగింది. "ఏవండీ, మీ ఫిట్టరుగారు పొలాల్లో పడి పరిగెడుతున్నారు! లైను లేనిచోట! ఎవరైనా పోయారా?" అని కంగారుగా అడుగుతున్నారెవరో. అది ఏ గడిలో రాయాలో నాకు తోచలేదు. ఇంజనీరమ్మని స్కూటరు మీద ఎక్కించుకుని బయల్దేరాను.

మేం వెళ్ళేసరికి బావ అక్కడే ఉన్నాడు. తిన్నగా పోతే ఆయన మా స్కూటరు కన్నా ముందే చేరగలడని ముప్పైమూడేళ్ళలో మొదటిసారి తెలిసింది. నడుంలోతు గోతిలోకి దిగి, పాత గొట్టం మీద నిలబడి, రెండు చేతులూ బార్లా చాపి ఎవర్నీ రానివ్వకుండా అడ్డం పడ్డాడు. కాంట్రాక్టరు మనిషి ఒడ్డున నిలబడి కేకలేస్తున్నాడు.

"ఏంటండీ ఇది? ఇది పెద్ద లైనా? బెజ్జం చేస్తే చుక్క నీళ్ళు లేవు, లోపల్నుంచి సాలెపురుగొచ్చింది!"

బావ నోటిమీద వేలు పెట్టి 'ష్' అన్నాడు. రెండు చేతులూ జోడించాడు. ఆరడుగుల దూరంలో మేస్త్రి కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

ఇంజనీరమ్మ గోతి ఒడ్డున గొంతుక్కూర్చుంది. "ఏమైంది ఫిట్టరుగారూ?" అంది నెమ్మదిగా.

బావ గుసగుసగా చెప్పడం మొదలుపెట్టాడు. పదిహేనేళ్ళ కిందట క్వారీ లారీలు ఈ వీధిలో తిరిగేవి. వాటి బరువుకి గొట్టం మూడుసార్లు విరిగింది. దీన్ని వదిలేసి వెనక వీధిలో వేరే లైను వెయ్యమని ఆఫీసు ఆర్డరు. ఆ పని బావే చేశాడు. అప్పుడు మేస్త్రి కళ్ళ ఆపరేషనుకి ఆస్పత్రిలో ఉన్నాడు. ఆపరేషను ఫలించలేదు.

"చూపు లేకుండా ఇంటికొచ్చారమ్మా. చూద్దామని వెళ్తే మొట్టమొదట అడిగిన మాట, నా లైను ఎలా ఉందిరా అని. మీ లైను మూసేశాం మేస్త్రీ అని ఏ నోటితో చెప్పను? చుక్క కారడం లేదన్నాను. అబద్ధం కాదు కదమ్మా, నీళ్ళుంటేగా కారడానికి. మర్నాడు మళ్ళీ అడిగారు."

"అప్పట్నుంచీ రోజూ ఈ వీధినే వస్తున్నారా?"

"నా అడుగు ఆయనకి వినపడాలి కదమ్మా."

"వెనక వీధి లైనో?"

"అక్కడ ఆదివారం ఆదివారం నడుస్తాను. ఎవరికీ చెప్పకండి." బావ తల దించుకున్నాడు. "తప్పు నాది. ఆరోజు ఆయన వింటుంటే ఈ లైనులో నీళ్ళు లేవని చెప్పలేకపోయాను. తర్వాత ఆఫీసులో చెబుదామని నాలుగు రోజులు వచ్చాను."

"నాలుగు టీలు తాగించారు," అంది ఇంజనీరమ్మ.

నాకు చెప్పలేనంత సిగ్గేసింది. ఎనిమిదేళ్ళుగా ఈయన మీద పుస్తకం నిండా ఫిర్యాదులు రాశాను. ఈ సంగతి ఒక్కటి కనిపెట్టలేకపోయాను. ఆయన్ని కావలించుకుందామనిపించింది గానీ ఆయన ఒళ్ళంతా మట్టిగా ఉంది.

"ఏంట్రా ఆ గుసగుసలు?" అని మేస్త్రి అరిచాడు. "లైను తెగిందా?"

బావ నావైపు తిరిగి బకెట్టు ఎత్తి పోస్తున్నట్టు సైగ చేశాడు. అర్థమైంది. పరిగెత్తుకుంటూ మేస్త్రి పెరట్లోకి వెళ్ళి, ఆయన కుళాయి కిందే బకెట్టు నింపుకొచ్చి, గోతిలో గొట్టం మీద ధారగా పోశాను.

"చిన్నగా చిల్లు పడింది మేస్త్రీ!" అని బావ అరిచాడు. "చూడండి, నీళ్ళెలా కొడుతున్నాయో!"

మేస్త్రి తల పక్కకి వంచి శ్రద్ధగా విన్నాడు. బకెట్టు ఖాళీ అయింది. చప్పుడు ఆగిపోయింది.

"ఇంకో బకెట్టు పొయ్యమనరా," అన్నాడు మేస్త్రి.

మేస్త్రి పొట్ట కదులుతోంది. కొంతసేపటికి గాని అది నవ్వని మాకు తెలియలేదు.

"కళ్ళు పోయాయి గానీ చెవులున్నాయిరా. పెద్ద లైను తెగితే బకెట్టు దిమ్మరించినట్టుంటుందా? నువ్వు నా దగ్గర నేర్చుకున్న పని ఇదేనా?"

"మేస్త్రీ, మీకు..."

"ఆస్పత్రినుంచి వచ్చిన రోజే తెలుసు. ముందు గోడకున్న మీటరు పీకి వెనక గోడకి పెడితే, దానికి తన్నుకుని బొక్కబోర్లా పడనా? మోకాలు ఇప్పటికీ నొప్పే. మీటరు వెనక్కెళ్ళిందంటే లైను వెనక్కెళ్ళినట్టేగా!"

బావ గోతిలోనే కూలబడ్డాడు. "తెలిసి కూడా పదిహేనేళ్ళు ఎలా ఉందని ఎందుకు అడిగారు మేస్త్రీ?"

"అడక్కపోతే నువ్వు వెనక వీధిన పోతావుగా! నీ సంగతి నాకు తెలీదట్రా? నీళ్ళు పారే గొట్టం లేని దారిన అడుగెయ్యవు. ఆ వెనక వీధి ఇరుకు, నా కుర్చీ పట్టదు. రోజంతా ఇక్కడ కూర్చుని ఎవరితో మాట్లాడను?"

"మీకోసం నీళ్ళు లేని గొట్టం మీదే కదా మేస్త్రీ నడిచింది!"

"అది కూడా తెలుసు. అందుకే నోరు మూసుకున్నాను."

ఒకళ్ళమీద ఒకళ్ళు కోపం తెచ్చుకోవాలో మానాలో ఇద్దరికీ తెలియలేదు. కాంట్రాక్టరు మనిషికి మాత్రం కోపం తగ్గలేదు. "అయితే పటం తప్పేకదండీ! పైవాళ్ళకి రాయనా?" అన్నాడు.

ఇంజనీరమ్మ చెవిమీద పెన్సిలు తీసింది. "ఏం తప్పు? పటంలో ఇక్కడ పాత లైను ఉందని రాశాం. తవ్వితే ఉందా లేదా?"

"ఉంది గానీ, నీళ్ళు..."

"నీళ్ళున్నాయని ఎవరన్నారు?" ఆవిడ వీధి ఈ చివరనుంచి ఆ చివరికి చూసింది. "క్వారీ లారీలు ఇప్పుడు కొత్త రోడ్డున పోతున్నాయి. ఈ వీధి వెడల్పు, దారి దగ్గర. కొత్త లైను ఇక్కడే వేద్దాం. సున్నం గీత మారక్కర్లేదు. ఫిట్టరుగారూ, మీరు మాత్రం ఇవాళ వెనక వీధి కూడా నడిచి చూపించాలి. ఆ లైను కలిసేచోటు కావాలి. చూపించాక టీ నేను తెస్తాను."

బావ గోతిలోంచి లేచాడు. కాలికున్న ఆ ఒక్క బూటూ విప్పాడు. వెనక వీధంతా ఉత్తికాళ్ళతో నడిచాడు. అడుగు తప్పలేదు.

వేసవికి వారం ముందు కొత్త లైనులోకి నీళ్ళు వదిలారు. చివరి పల్లెలో కుళాయిలన్నీ ఒక్కసారి దగ్గి, మట్టి కక్కి, నీళ్ళు పోశాయి. అక్కడివాళ్ళు ఫోన్ చేసి ఆ నీళ్ళ చప్పుడు నాకు వినిపించారు. ఆఫీసుకి ఫిర్యాదు లేకుండా ఫోన్ రావడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. బావ ఆ రోజు ట్యాంకు నుంచి కొత్త లైను మీద నడుచుకుంటూ వస్తున్నాడు. రిటైరవడానికి ఇంకో మూడు రోజులుంది. ఫోన్ పెట్టేసి నేను కూడా ఆ పూటకి సెలవు పెట్టి ఆయన వెనకే నడిచాను.

మేస్త్రి గేటు ముందుకొచ్చి బావ ఆగిపోయాడు. కుడికాలు ఎత్తి మళ్ళీ అక్కడే పెట్టాడు. ఎడమకాలు కూడా పెట్టి చూశాడు.

"ఎలా ఉందిరా లైను?" అని మేస్త్రి అడిగాడు.

బావ నావైపు చూశాడు, మేస్త్రివైపు చూశాడు. "కారుతోంది మేస్త్రీ," అన్నాడు చివరికి. "సరిగ్గా మీ గేటు ముందు జాయింటే."

మేస్త్రి మొహం ఇంతయింది. "రబ్బరు రింగు! నే చెప్పలా? రబ్బరు దేనికి పనికొస్తుందని చెప్పానా లేదా?" అంటూ చేతులు ముందుకి చాచి కుర్చీలోంచి లేచాడు. "ఊరికే నిలబడతావేంట్రా? చెయ్యందుకో. గడ్డపార తెప్పించు. ఈ జాయింటు ఎలా వెయ్యాలో నీకు మళ్ళీ మొదట్నుంచి నేర్పాలి."

మధ్యాహ్నందాకా ఇద్దరూ ఆ గోతిలో కూర్చుని ఒకటే పోట్లాట. అన్నానికి పిలవడానికి వెళ్ళిన నన్ను పానకంలో పుడకలా చూసి, రెంచి అందించమన్నారు.